పిల్లల్లో దంత అత్యవసర స్థితులు

ఆటలో పడి పన్ను విరగడం, ఊడిపోవడం, అర్ధరాత్రి పంటినొప్పి లేవడం, పొద్దున్నే చూస్తే చెంప వాచి ఉండడం, పన్ను తీయించాక రక్తం ఆగకపోవడం: పిల్లల నోటికి సంబంధించి అప్పటికప్పుడు ఏదో ఒకటి చేయవలసి వచ్చే ఇటువంటి సందర్భాలను దంత అత్యవసర స్థితులంటారు. పేరులో అత్యవసరం ఉన్నా వీటిలో చాలావాటికి తెల్లారేదాకా, కొన్నిటికి రెండు మూడు రోజులదాకా వ్యవధి ఉంటుంది. నిమిషాలు లెక్కపెట్టుకోవలసినవి ముఖ్యంగా రెండు: వేరుతో సహా ఊడి బయటపడిన శాశ్వత పన్ను, కంటివైపుకో గొంతువైపుకో పాకుతున్న వాపు. చిక్కేమిటంటే పెద్దవాళ్ళను ఎక్కువగా బెదరగొట్టేవి ఈ రెండూ కావు. పెదవి చిట్లి చొక్కా ఎర్రబడితే ఆటో మాట్లాడుకుని పరుగెత్తే ఇంట్లోవాళ్ళే, ఊడిన పన్నును కాగితంలో పొట్లం కట్టి మర్నాడు తీరిగ్గా తెస్తారు. రక్తం, ఏడుపు తీవ్రతకు కొలతలు కావు. ఊడింది ఏ పన్ను, వాపు ఎటు పోతోంది, బిడ్డ తెలివిలో ఉందా, ఉమ్ము మింగగలుగుతోందా అన్నవే చూడవలసినవి.

మూతి పగిలేంత దెబ్బ తగిలిందంటే తలకూ తగిలి ఉండవచ్చు. కాసేపైనా స్పృహ తప్పినా, వాంతులైనా, మగతగా ఉన్నా, అడిగినదే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా ముందు వెళ్ళవలసింది దంతవైద్యుని దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి. పంటి సంగతి అక్కడే చూసుకోవచ్చు.

పాలపన్నా, శాశ్వత పన్నా

పాలపళ్ళు మొత్తం 20. సాధారణంగా 6 నెలల వయసులో మొదలై రెండున్నర, మూడేళ్ళకల్లా అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ళ ప్రాంతంలో ఆఖరి పాలపన్ను వెనక మొదటి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. ఇంచుమించు అప్పుడే కింది ముందుపళ్ళు, 7–8 ఏళ్ళకు పై ముందుపళ్ళు మారతాయి. కాబట్టి అయిదేళ్ళ లోపు బిడ్డకు ఊడింది పాలపన్నే అనుకోవచ్చు. తొమ్మిదేళ్ళు దాటిన బిడ్డకు పై ముందుపన్ను ఊడితే అది శాశ్వత పన్నే. మధ్యలోని మూడు నాలుగేళ్ళే తికమక. శాశ్వత పన్ను పెద్దది, రంగులో కాస్త పసుపుపచ్చ తేలి ఉంటుంది, కొత్తగా వచ్చినదైతే అంచు రంపంలా గంట్లు గంట్లుగా ఉంటుంది. పాలపన్ను చిన్నది, తెల్లనిది. తనంతట తాను ఊడిన పాలపన్నుకు వేరు దాదాపు ఉండదు. కింద నుంచి వచ్చే పన్ను దాన్ని కరిగించేసి ఉంటుంది. అయినా తేల్చుకోలేకపోతే శాశ్వత పన్ననుకుని పాలలో వేసి తీసుకుపోవడమే మంచిది. పాలలో వేసినందుకు పోయేదేమీ లేదు.

దెబ్బలు తగిలే కాలాలు కూడా రెండు. నడక నేర్చి పరుగు రాని ఒకటి నుంచి మూడేళ్ళ వయసు మొదటిది. సైకిళ్ళు, క్రికెట్టు, బడి మెట్లు కలిసొచ్చే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసు రెండోది. రెండింటిలోనూ ఎక్కువగా దెబ్బతినేవి పై ముందుపళ్ళే. ఎత్తుపళ్ళున్న పిల్లలకు, పై పెదవి పళ్ళను పూర్తిగా కప్పని పిల్లలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

దెబ్బకు ఊడిన పాలపన్నును తిరిగి పెట్టకూడదు. దాని వేరు కొనకు ఆనుకునే శాశ్వత పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. పైనుంచి నొక్కితే ఆ మొగ్గ చెడుతుంది. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం తెలుగు ఊళ్ళలో పాత ఆనవాయితీ. పాలపన్ను వరకు వైద్యశాస్త్రానికీ ఇందులో అభ్యంతరం లేదు, దంతవైద్యుడు ఒకసారి చూశాక విసిరితే చాలు. పన్ను పూర్తిగా ఊడిందా, విరిగి వేరు లోపలే మిగిలిందా అన్నది చూడవలసి ఉంటుంది. పన్ను ఎక్కడా కనిపించకపోతే అది చిగురులోకి దిగిపోయి ఉండవచ్చు, బిడ్డ మింగి ఉండవచ్చు. మింగితే మలంతో పోతుంది. ఉన్నట్టుండి దగ్గు పట్టుకుని ఆగకపోయినా, ఊపిరి తీసేటప్పుడు పిల్లికూతలు వినిపించినా ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

ఊడిన శాశ్వత పన్ను

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య పెరియోడాంటల్ లిగమెంట్ అనే పలుచని పొర ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఈ పొర చిరిగి సగం వేరును అంటుకుని వస్తుంది, సగం గూటి గోడకు ఉండిపోతుంది. తిరిగి పెట్టిన పన్ను అతుక్కోవడం వేరు మీది ఈ సగంలో ఎన్ని కణాలు ప్రాణంతో ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ కణాలకు గాలి శత్రువు. ఆరుబయట పొడిగా పడి ఉన్న పన్ను మీద అరగంటలో చాలామటుకు చచ్చిపోతాయి. గంట దాటితే ఇక లేనట్టేనని వైద్యులు లెక్కవేస్తారు. డెన్మార్కుకు చెందిన యెన్స్ ఊవె ఆండ్రియాసెన్, తన సహచరుడు యోర్టింగ్ హాన్సెన్‌తో కలిసి, ప్రమాదాల్లో ఊడి తిరిగి పెట్టిన 110 పళ్ళను పరిశీలించి 1966లో ఫలితాలు ప్రచురించారు. అరగంటలోపు పెట్టిన వాటిలో 90 శాతం పళ్ళ వేర్లు అరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటాక పెట్టిన వాటిలో 95 శాతం వేర్లు అరగడం మొదలైంది. దంత ప్రమాదాల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా రూపు కట్టడంలో ఆండ్రియాసెన్ పాత్ర పెద్దది.

కనుక అన్నిటికంటే మంచి చికిత్స, పన్ను ఊడిన చోటే, ఊడిన అయిదు నిమిషాల్లోనే, దగ్గరున్న పెద్దవాళ్ళు దాన్ని గూట్లో పెట్టేయడం. వినడానికి సాహసంలా ఉన్నా అంతర్జాతీయ దంతాఘాత వైద్యుల సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే. పన్నును నోట్లో కనిపించే తెల్లటి భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టకూడదు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో కడగాలి. అవి లేకపోతే చల్లటి నీళ్ళ కింద కొద్ది క్షణాలు పెట్టి తీయాలి. సబ్బు, బ్రష్షు, గుడ్డతో తుడవడం, గోటితో గీకడం ఏవీ పనికిరావు. వేరు మీద ఎర్రగా అంటుకుని ఉన్నది మురికి కాదు, కావలసిన పొరే అది. ఉబ్బెత్తుగా నున్నగా ఉన్న వైపు పెదవికి, గుంటగా ఉన్న వైపు నాలుకకు వచ్చేలా తిప్పి, మెల్లగా నొక్కుతూ పక్క పన్ను ఎత్తుకు వచ్చేదాకా లోపలికి పెట్టాలి. తర్వాత మడిచిన చేతిరుమాలు కరిపించి పట్టుకోమని చెప్పి బయల్దేరాలి. అప్పుడే దెబ్బ తగిలిన చిగురు మొద్దుబారి ఉంటుంది కాబట్టి అనుకున్నంత నొప్పి ఉండదు.

అందరూ దీనికి ధైర్యం చేయలేరు. బిడ్డ పెనుగులాడుతుంటే చేయనూ కూడదు. స్పృహ సరిగా లేని బిడ్డకు, తీవ్రమైన గుండెజబ్బో రోగనిరోధక శక్తి లోపమో ఉన్న బిడ్డకు ఇంట్లో పెట్టే ప్రయత్నం వద్దు. అప్పుడు పన్నును తడి ఆరకుండా తీసుకుపోవడమే మిగిలిన దారి, ఆ తడి పాలదైతే మేలు. పాల గాఢత శరీరంలోని ద్రవాల గాఢతకు దగ్గరగా ఉంటుంది. ఆమ్లత కూడా తటస్థానికి దగ్గరే. స్వీడన్‌లో లార్స్ బ్లూమ్‌లేఫ్ 1980ల మొదట్లో చేసిన ప్రయోగాలతో పాలు ఈ పనికి స్థిరపడ్డాయి. చల్లటి ప్యాకెట్ పాలు కాచకుండానే వాడవచ్చు. వేడిపాలు, పెరుగు, మజ్జిగ, చక్కెరా రంగూ కలిపిన సీసా పాలు పనికిరావు. పాలు దొరకని చోట బిడ్డ చేత చిన్న గిన్నెలోకి ఉమ్మించి, ఆ ఉమ్ములో వేయాలి. బుగ్గలో దాచుకోమనడం పెద్ద పిల్లలకైతే ఫరవాలేదు గాని చిన్నవాళ్ళు మింగేస్తారు. మంచినీళ్ళు అన్నిటికంటే తక్కువరకం. గాఢత తక్కువ కావడంతో కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బి పగులుతాయి. అయినా పొడిగా వదిలేయడం కంటే అవీ నయమే.

కొబ్బరినీళ్ళ మాట ఇక్కడ చెప్పుకోవాలి. చెన్నైలోని ఒక దంతవైద్య కళాశాల పరిశోధకులు 2008లో, కణాలను కాపాడడంలో కొబ్బరినీళ్ళు పాలకంటే మెరుగని ప్రచురించారు. మన రోడ్ల మీద పాలకంటే కొబ్బరిబోండాం తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి ఇది ఆకర్షణీయమైన మాటే. కాని తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. కొబ్బరినీళ్ళలోని ఆమ్లత కణాలకు పడదన్నది ప్రధానమైన ఆక్షేపణ. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో వాటికి చోటు లేదు. పాలు దొరికే చోట బోండాం కోసం ఆగనక్కర్లేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, పన్నును సరిచేసి, సన్నటి తీగతో పక్క పళ్ళకు కడతారు. ఈ కట్టు కొంచెం కదలిక ఇచ్చేదిగా ఉండాలి, సాధారణంగా రెండు వారాలు ఉంచుతారు. యాంటిబయాటిక్ ఇస్తారు, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో అడుగుతారు, కాబట్టి టీకా కార్డు వెంట ఉంటే పని సులువు. వేరు పూర్తిగా తయారైన పన్నుకు రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. కొన ఇంకా మూసుకోని లేత పన్నుకు లోపలి గుజ్జు తిరిగి బతికే అవకాశం ఉంది కనుక ఆగి చూస్తారు. పై ముందుపన్ను వేరు పూర్తిగా మూసుకోవడానికి, పన్ను మొలిచాక సుమారు మూడేళ్ళు పడుతుంది.

విరిగినవీ, కదిలినవీ

ముక్క విరిగిన పన్ను విషయంలో తల్లిదండ్రులు చేయవలసిన మంచి పని ఆ ముక్కను వెతికి, నీళ్ళలోనో పాలలోనో వేసి తీసుకుపోవడం. పెద్ద ముక్కైతే దాన్నే తిరిగి అతికించవచ్చు, రంగు కలిసే బాధ ఉండదు. ముక్క దొరకకపోతే, పెదవి చిట్లి వాచి ఉంటే, అది పెదవి లోపల గుచ్చుకుని ఉందేమో చూడమని వైద్యుణ్ణి అడగాలి. చూడకుండా కుట్లు వేస్తే అక్కడే ఉండిపోతుంది. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే పంటి గుజ్జు బయటపడ్డట్టు. అంతమాత్రాన రూట్ కెనాల్ తప్పదని కాదు. స్టాక్‌హోంలో మియోమిర్ స్వెక్ 1978లో వివరించిన పద్ధతిలో, పాడైన పైపొర గుజ్జు రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే తీసి మందు పెట్టి మూస్తారు. మిగిలిన గుజ్జు బతికి, వేరు పెరుగుదల ఆగకుండా సాగుతుంది. ఒకటి రెండు రోజుల్లో వెళ్తే ఈ వెసులుబాటు ఉంటుంది.

పక్కకు జరిగిన శాశ్వత పన్నును అదే రోజు చూపించాలి. గడ్డకట్టిన రక్తం గట్టిపడితే సరిచేయడం కష్టమవుతుంది. లోపలికి దిగబడిన పాలపళ్ళు చూడడానికి భయంగా ఉంటాయి గాని, చాలావరకు ఆరు నెలల్లో, కొన్ని ఏడాదికల్లా, వాటంతట అవే కిందికి వస్తాయి. దెబ్బ తగిలిన పాలపన్ను కొన్ని వారాల తర్వాత బూడిదరంగుకు తిరగడం మామూలే. చిగురు మీద చీముపొక్కు లేనంతవరకు రంగు మారిందని పీకించనక్కర్లేదు.

నొప్పి, వాపు, మందులు

దెబ్బ లేకుండా వచ్చే నొప్పిలో ఎక్కువ భాగం పిప్పిపళ్ళదే. నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చే అలవాటున్న ఇళ్ళలో రెండేళ్ళకే పై ముందుపళ్ళు పుచ్చి కనిపిస్తాయి. తీపి తగిలితేనో చల్లనిది తాగితేనో జివ్వుమని, వెంటనే తగ్గే నొప్పికి తొందర లేదు. పడుకోగానే మొదలై నిద్ర పోనివ్వని నొప్పి పంటి గుజ్జు చెడిందనడానికి గుర్తు. పడుకున్నప్పుడు తలకు రక్తం పోటు పెరగడమే రాత్రిపూట అది ఎక్కువవడానికి కారణం. పళ్ళ సందులో వేరుశనగ ముక్కో మాంసం పీచో ఇరుక్కుని కూడా బిడ్డ గోలపెట్టవచ్చు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, దారంతో తీసేస్తే నిమిషాల్లో తగ్గుతుంది. కాబట్టి ముందు టార్చి వేసి చూడాలి.

నొప్పికి పిల్లలకు ఇచ్చే మందు పారాసెటమాల్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. మన దుకాణాల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సిరప్పూ, 250 ఉన్న సిరప్పూ రెండూ దొరుకుతాయి. 16 కిలోల బిడ్డకు గరిష్ఠంగా కావలసిన 240 మిల్లీగ్రాములకు మొదటిది 10 మిల్లీలీటర్లు పట్టాలి, రెండోది 5 కూడా నిండదు. పాత సీసా లెక్కన కొత్త సీసా పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. పిల్లల చుక్కలమందు వీటికంటే గాఢం. ఐబుప్రొఫెన్ కూడా పనిచేస్తుంది గాని డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకుండా భారత ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. నలిపి చిగురు మీద పెడితే చర్మం కాలినట్టు పుండు పడుతుంది.

లవంగనూనెకు నొప్పి చంపే గుణం నిజంగానే ఉంది. పెద్దవాళ్ళకు దూది మొనతో అద్దితే ఉపశమనం ఇస్తుంది. చిన్నపిల్లలు ఒక చెంచా మింగినా కాలేయం దెబ్బతిని ఫిట్లు రావచ్చు, కాబట్టి సీసా అందుబాటులో ఉంచకూడదు. ఇక జిల్లేడుపాలు, పొగాకు, నశ్యం, కర్పూరం పంటిలో కుక్కడం మానుకోవలసిన పనులు. వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులు రాలగొట్టడం ఇంకా అక్కడక్కడా సాగుతోంది. పిప్పికి కారణం కంటికి కనిపించని బాక్టీరియా. పంటిలో రాలగొట్టడానికి పురుగులుండవు.

వాపు సంగతి వేరు. పంటి పక్కన చిగురు మీద చిన్న చీముపొక్కు లేస్తే ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. చెంప వాచి జ్వరం వస్తే ఆరోజే వెళ్ళాలి. పై పంటి వాపు పాకి కన్ను మూసుకుపోతున్నా, కింది పంటి వాపు గడ్డం కిందికి దిగి గట్టిపడుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, జొల్లు కారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, అది దంతవైద్యశాల తెరిచేదాకా ఆగే విషయం కాదు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన, ఆయన పేరుతోనే పిలిచే ఈ గడ్డం కింది వాపు నాలుకను పైకి నెట్టి ఊపిరి దారినే మూసేస్తుంది. 108కి ఫోన్ చేసి, నిలబెట్టో కూర్చోబెట్టో ఉంచి, పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. చెంపకు కాపడం పెట్టకూడదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన యాంటిబయాటిక్ రెండు రోజులు వేసి వాపు తగ్గిందని ఊరుకోవడం మన దగ్గర బాగా కనిపించే పొరపాటు. పంటిలోని చీము మూలం అలాగే ఉంటుంది. వాపూ జ్వరమూ లేని ఉత్త పంటినొప్పికైతే యాంటిబయాటిక్‌తో పనే లేదు.

పళ్ళు మొలిచేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలేనన్న నమ్మకం కూడా ప్రమాదకరమే. చిగురు దురద, చొంగ, చిరాకు వరకు నిజం. 38.5 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే దానికి వేరే కారణం వెతకాలి.

రక్తం, పెదవి, దవడ

పై పెదవిని చిగురుకు కలిపే చిన్న పొర తెగితే నోరంతా రక్తమవుతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, సాధారణంగా కుట్లు అక్కర్లేదు. పెన్సిలో బ్రష్షో నోట్లో పెట్టుకుని పడి అంగిలి వెనక భాగంలో గుచ్చుకుంటే మాత్రం, రక్తం ఆగినా ఆసుపత్రిలో చూపించాలి. ఆ దాపుల్లోనే మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం ఉంది. గడ్డం నేలకు కొట్టుకుని చీలినప్పుడు కుట్లు వేయించి ఊరుకుంటారు గాని, చెవి ముందు దవడ కీలు విరిగి ఉండవచ్చు. పళ్ళు మునుపటిలా కలవకపోవడం, నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకు పోవడం దాని గుర్తులు. పిల్లల్లో దీన్ని వదిలేస్తే కీలు బిగుసుకుపోయి నోరే తెరుచుకోని స్థితి వస్తుంది, ముఖం ఎదుగుదల కూడా ఒక పక్కన ఆగిపోతుంది.

పన్ను తీయించాక పెట్టిన దూదిని అరగంట కరిచి ఉంచాలి. మాటిమాటికీ ఉమ్మితే గడ్డ ఊడి రక్తం మళ్ళీ మొదలవుతుంది. ఎంతకీ ఆగకపోతే, ఇంట్లో మగపిల్లలకు ఇలా రక్తం ఆగని చరిత్ర ఉంటే, హిమోఫీలియా పరీక్ష చేయించాలి. మత్తు సూది వేయించుకున్న పిల్లలు మొద్దుబారిన పెదవిని నమిలేసుకుని, మర్నాటికి తెల్లటి పొరతో వాచిన పెదవితో లేవడం తరచు జరిగేదే. చీములా కనిపించినా అది చీము కాదు, వారం పది రోజుల్లో మానుతుంది.

చిన్నపిల్లల పళ్ళు చూసే ప్రత్యేక వైద్యులను పీడోడాంటిస్టులంటారు. హైదరాబాదు, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లోనూ, దాదాపు అన్ని ప్రైవేటు దంత కళాశాలల్లోనూ ఈ విభాగం ఉంది. రాత్రివేళ అవి మూసి ఉంటే, దవడ శస్త్రచికిత్స నిపుణుడున్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగమే దిక్కు.

తర్వాతి ఏళ్ళు

తిరిగి పెట్టిన పన్నును మొదటి ఏడాది తరచుగా, ఆపై కనీసం అయిదేళ్ళపాటు ఏటా ఎక్స్‌రేతో చూడాలి. నొప్పి లేదని చాలామంది ఈ రాకపోకలు మానేస్తారు. ఆలస్యంగా పెట్టిన పన్ను ఎముకతో ఏకమై, ఏళ్ళ మీద వేరు కరిగి ఎముకగా మారిపోతుంది. బిడ్డ ఎదుగుతుంటే పక్క పళ్ళు కిందికి దిగుతాయి, ఇది మాత్రం కదలదు; చూసేవారికి పొట్టిగా మిగిలినట్టు కనిపిస్తుంది. అప్పుడు పైభాగాన్ని కోసి వేరును లోపలే ఉంచేసే పద్ధతి ఉంది. అయినా గంట దాటిన పన్నును కూడా వైద్యులు పెట్టి చూడమనడానికి కారణముంది. దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే సుమారు 18–20 ఏళ్ళ దాకా, ఇంప్లాంట్ పెట్టడం కుదరదు. పదేళ్ళ బిడ్డకు తిరిగి పెట్టిన పన్ను అన్నాళ్ళూ నిలవకపోయినా, ఉన్నన్నాళ్ళూ ఆ చోట ఎముక కుంగకుండా, పక్క పళ్ళు ఒరిగిపోకుండా కాపాడుతుంది.